తప్పు పెన్నెల్‌ది కాదు, న్యూయార్క్‌ది

అమెరికన్ చిత్రకారుడు జోసెఫ్ పెన్నెల్ గారి మీద ఒక అభాండం ఉంది, న్యూయార్క్ బొమ్మల్ని కుడి ఎడమలు తిరగేసి వేశాడని. ఆయన ఫిలడెల్ఫియాలో పుట్టి, 1884లో లండన్ చేరి, 1904లో న్యూయార్క్ వచ్చి ఆకాశహర్మ్యాల్ని ఎచింగులు చేసిన మనిషి. ఎచింగ్ అంటే రాగి రేకుకి మైనం పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో పెడితే గీసినచోట రాగిని తినేస్తుంది, ఆ గాడుల్లో ఇంకు నింపి తడి కాగితం పెట్టి ప్రెస్సులో తిప్పడమే, కాకపోతే బొమ్మ రబ్బరు స్టాంపులాగా కుడి ఎడమై వస్తుంది. మామూలోళ్ళు ముందే తిరగేసి గీసుకుంటారు. ఈయన రేకు పట్టుకుని రోడ్డు మీద నిలబడి కనపడింది కనపడ్డట్టు గీసేసేవాడు, అందుకని చాలా ప్రింట్లలో ఊరు అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది.

ఇందులో ఆయన తప్పేముందండీ? బొమ్మ అంత బాగా వచ్చాక, దానికి తగ్గట్టు బిల్డింగులు అటూ ఇటూ జరుపుకోవాల్సిన బాధ్యత మున్సిపాలిటీది కాదా? ఈ లెక్కన ఫ్లాటిరన్ బిల్డింగ్ ఒక్కటే బుద్ధిమంతురాలు, ఇస్త్రీపెట్టె మూతిలా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పినా సర్దుకుపోతుంది, దానికి చెరో పక్కా ఉన్న రోడ్లు బ్రాడ్‌వే, ఫిఫ్త్ ఎవెన్యూలే పక్కలు మార్చుకోవాలి, అదెంత పని.

పైగా ఊరి మీద ఆయనకి ఎంత ప్రేమో, 1918లో యుద్ధం బాండ్లు కొనమని వేసిన పోస్టర్లో అదే న్యూయార్క్‌ని తగలబెట్టి, లిబర్టీ విగ్రహానికి తల తీసేశాడు. ప్రభుత్వం దాన్ని లక్షల కాపీలు వేసింది. తిరగేస్తే తప్పు, తగలబెడితే దేశభక్తి, బాగుంది.

ఇక ఆయన పోగేసిన కలెక్షన్ సంగతి. చిత్రకారుడు విస్లర్ అంటే పెన్నెల్‌కి, భార్య ఎలిజబెత్‌కి పిచ్చి, చిత్తుకాగితం దొరికినా దాచేవాళ్ళు. వీళ్ళు విస్లర్ జీవితచరిత్ర రాస్తుంటే ఆయన వారసురాలు కోర్టుకెక్కింది. 1907 తీర్పు ఏంటంటే, విస్లర్ ఉత్తరాలు అచ్చెయ్యకూడదు, కానీ అందులో విషయాలు వాడుకోవచ్చు! లడ్డూ తినకు, తీపి మాత్రం చప్పరించు అన్నట్టు. 1908లో పుస్తకం వచ్చేసింది, 1917లో ఆ విస్లర్ కలెక్షన్ అమెరికా పార్లమెంటు లైబ్రరీకి (లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్) ఇచ్చేశారు.

ఎలిజబెత్ గారు విడిగా పాత వంట పుస్తకాలు కూడా పోగేసింది. అవీ ఆ లైబ్రరీకే చేరాయి. వాటిలో మాత్రం ఉప్పు ఉప్పులాగే, చక్కెర చక్కెరలాగే ఉందంట, మొగుడి చెయ్యి పడలేదు కదా.