లెక్కలు పైకే ఎందుకు వెళ్లాలి?

దాతృత్వ నిధులు ఇచ్చే సంస్థలు, ఆ నిధులు తీసుకునే సంస్థలకూ అవి చేరవలసిన జనానికీ ఎంతవరకు జవాబు చెప్పాలి? ఈ విషయం మీద ఇద్దరి వాదన ఇది. అక్క చెన్నై వ్యాసర్పాడిలో పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే చిన్న ట్రస్టు నడుపుతుంది. ఆ కుటుంబాల్లో చాలామంది పూర్వికులు మద్రాసు వీధులు ఊడ్చే పనికి తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారు. తమ్ముడు ఆమె పిన్ని కొడుకు. అదే నగరంలో ఒక పెద్ద కంపెనీ సామాజిక బాధ్యత నిధుల వ్యవహారం చూస్తాడు. అతని కంపెనీ నుంచి ఆమె ట్రస్టు ఎప్పుడూ ఏమీ తీసుకోలేదు కనుక మాటల్లో మొహమాటం లేదు. నా మనసు అక్క వైపే ఉంది. అయినా తమ్ముడి మాటల్లో తోసిపుచ్చలేనివి ఉన్నాయి. వాటిని పలచన చేయకుండా రాశాను.

తమ్ముడు: మేము దాచేది ఏమిటో ముందు చెప్పు అక్కా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం మాలాంటి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు ఏ జిల్లాలో, ఏ పనికి, ఎవరి ద్వారా జరిగిందో వార్షిక నివేదికలో ఉంటుంది. 2021 నుంచి బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైటులో కూడా పెడుతున్నాం. ఏటా సగటున 10 కోట్లో అంతకు మించో ఖర్చు పెట్టవలసిన కంపెనీలైతే, కోటి రూపాయలు, ఆపైన ఉన్న ప్రాజెక్టులు ముగిశాక బయటివారితో అధ్యయనం చేయించి ఆ నివేదికనూ జతపరచాలి. ఇంకేం కావాలి?

అక్క: అవన్నీ ఉన్నాయి. కానీ ఎవరు చదవడానికి? వాటాదారులు, ఢిల్లీలో మంత్రిత్వ శాఖ. 'విద్య, చెన్నై, ఫలానా సంస్థ ద్వారా, ఇన్ని లక్షలు' అని ఒక వరుస రాస్తారు. తెల్లవారుజామున చీపురు పట్టుకుని బయలుదేరే మా పేట తల్లికి ఆ వరుసతో పనిలేదు. ఆమెకు తెలియవలసింది వేరు. తన బిడ్డ చదివే కేంద్రం వచ్చే జూన్‌లో ఉంటుందా? ఎత్తేస్తే ఎవరు ఎత్తేశారు, ఎందుకు? దానికి మీ వెబ్‌సైటులో చోటే లేదు. మా పక్క పేటలో ఒక కంపెనీ మూడేళ్లు కేంద్రం నడిపించి, మార్చి నెలలో ఒక ఈమెయిల్ పంపింది. ప్రాధాన్యాలు మారాయట, అంతే. ఇద్దరు టీచర్లు పని వెతుక్కున్నారు. పిల్లలు రెండు వారాలపాటు తాళం వేసిన గది ముందుకు వచ్చి వెళ్లారు.

తమ్ముడు: ఆ మూడేళ్లు కంపెనీ ఇష్టానుసారం పెట్టుకున్నవి కావు. ఒకటి కంటే ఎక్కువ సంవత్సరాలు సాగే ప్రాజెక్టు, మొదలైన సంవత్సరాన్ని వదిలేస్తే మూడేళ్లు మించకూడదని నియమాల్లోనే ఉంది. పొడిగించాలంటే కొత్తగా ఆమోదం కావాలి, ఆలోగా బోర్డులో మనుషులు మారిపోతారు. ఇక మార్చి అంటావా, ఆర్థిక సంవత్సరం అప్పుడే ముగుస్తుంది. ఖర్చు కాని డబ్బుకు వేరే నియమాలు ఉన్నాయి. మాకు ఆ నెలలో ఊపిరి ఆడదు.

అక్క: అయితే మూడేళ్లకు ముగుస్తుందని మొదటి రోజే తెలుసన్నమాట. నేను అడిగేది అదే. ముగింపు తేదీ మీ ఒప్పంద పత్రంలో ఉంది, పేటలో ఎవరికీ చెప్పలేదు. మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఆ తల్లులు కార్పొరేషన్ పాఠశాల దగ్గరకు వెళ్లేవారు, కౌన్సిలరును అడిగేవారు, తలా కొంత వేసుకుని టీచరును నిలబెట్టుకునేవారు. వాళ్ల చేతికి మూడేళ్ల గడువు దొరికేది. దాన్ని మీరు మీ ఫైలులో పెట్టుకున్నారు.

తమ్ముడు: (కాసేపు ఆగి) ఈ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. మిగతా వాటికి ఉంది. నువ్వు ముగింపు తేదీతో ఆగవు. ఎందుకు ఇచ్చారు, ఎందుకు ఇవ్వలేదు, ఏది విఫలమైంది, అన్నీ బయట పెట్టమంటావు. ఒక చిన్న సంస్థ ప్రతిపాదనను మేము తిప్పి పంపామనుకో. 'లెక్కలు సరిగా లేవు' అని మా వెబ్‌సైటులో రాస్తే ఇంకెవరూ దానికి పైసా ఇవ్వరు. ఆ సంస్థను మేమే ముంచినట్టు అవుతుంది. హక్కుల గురించి పనిచేసే వారి పేర్లు, చిరునామాలు పట్టికలో పెడితే రేపు వాళ్ల తలుపు తట్టేది ఎవరో నీకు తెలియదా? విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. ఆ డబ్బు అందుకున్న సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు, పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. పెద్ద సంస్థల మీద ఆధారపడిన ఎన్ని చిన్న సంస్థలు మూతపడ్డాయో నీకే బాగా తెలుసు. అలాంటి కాలంలో నీ గ్రాంటు పత్రాన్ని నలుగురి ముందు పరిస్తే నీకు మేలా, కీడా?

(ఇది బలమైన మాట. గోప్యత కొన్నిసార్లు బలహీనుడికే గొడుగు.)

అక్క: ఆ గొడుగు కావాలో వద్దో మమ్మల్ని అడగాలి. మీ అంతట మీరే మా కోసం మూసేసి, అది మా రక్షణకే అంటే ఎలా? సంస్థల పేర్లు బజారులో పెట్టమని నేను అనలేదు. ఏ ఆధారంతో ఎంపిక చేస్తారో ముందే చెప్పండి. కాదన్నప్పుడు కారణాన్ని ఆ సంస్థకు రాసి ఇవ్వండి. ఏడాదిలో ఎన్ని ప్రతిపాదనలు వచ్చాయో, ఎన్నింటికి ఇచ్చారో, ఎక్కువగా ఏ కారణాలతో కాదన్నారో పేర్లు లేకుండా ప్రకటించండి. దీంతో ఎవరి తలుపూ ఎవరూ తట్టరు.

తమ్ముడు: ఎంపిక ఆధారాలు, తేదీలు ముందే ప్రకటిస్తే నాకు వచ్చే ఫోన్ల సంగతి? వార్డు నాయకుడు, ఆయన బావమరిది, మా డైరెక్టరు గారి చిన్ననాటి స్నేహితుడు. ఇప్పుడు 'ఇంకా ఏమీ నిర్ణయం కాలేదు సార్' అని తప్పించుకోగలుగుతున్నాను. పైగా మా పరిపాలనా ఖర్చు మొత్తంలో 5 శాతం దాటకూడదు. నలుగురం ఉన్నాం. వచ్చిన ప్రతి ప్రతిపాదనకూ కారణం రాస్తూ కూర్చుంటే పేటలకు వెళ్లేది ఎవరు?

అక్క: పేటలకు వస్తే ఫోటో తీసుకోవడానికే కదా వస్తారు.

తమ్ముడు: అది అన్యాయం.

అక్క: అన్యాయం ఎలా అవుతుంది? నోటుపుస్తకం పిల్ల చేతికి ఇస్తూ, ఇటు చూడమ్మా, నవ్వు అంటారు. ఆ పిల్ల పేరు ఎవరికీ తెలియదు, బొమ్మ మాత్రం మీ వార్షిక నివేదిక అట్ట మీద ఉంటుంది. గోడకు స్టీలు పలక ఒకటి. మరుగుదొడ్డి కట్టించినా దాని తలుపు మీద కంపెనీ గుర్తు వేస్తారు. సొంత కూతురి బొమ్మ అలా వేస్తే ఒప్పుకుంటావా?

తమ్ముడు: ఒప్పుకోను. మేము రెండేళ్ల కిందటే పిల్లల ముఖాలు వేయడం మానేశాం. కానీ ఫోటోలు పంపేది మీ సంస్థలే అక్కా. అడగకముందే పంపుతాయి. ఏడుస్తున్న పిల్లవాడు, చిరిగిన చొక్కా. డబ్బు వస్తుందని మీకు తెలుసు. మా పలక గురించి మాట్లాడే ముందు మీ కరపత్రం చూసుకోండి.

అక్క: కొన్ని సంస్థలు పంపుతాయి. నేను పంపను.

తమ్ముడు: నీ ట్రస్టు బడ్జెట్ మీ పేటలో ఎప్పుడైనా చదివావా? టీచరుకు ఎంత, అద్దెకు ఎంత, నీ జీతం ఎంత? ఉత్తిరమేరూరు శాసనం గురించి నువ్వే గొప్పగా చెబుతావు కదా. కాంచీపురం దగ్గర, పదో శతాబ్దం, పరాంతక చోళుడి కాలం. ఊరి కమిటీలో పనిచేసి లెక్క చెప్పనివాడికీ, అతని బంధువులకూ మళ్లీ కమిటీలో చోటు లేదని రాతి మీద చెక్కారు. ఆ నియమం డబ్బు ఇచ్చినవాడి మీద పెట్టింది కాదు. చేతిలో పట్టుకుని ఖర్చు చేసినవాడి మీద. అంటే నీ మీద.

అక్క: నా మీదే. అందుకే జూన్‌లో తల్లుల ముందు కూర్చుని మా లెక్క చదువుతాను, తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. నా జీతం దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, చెబుతాను. కానీ అదే శాసనాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపో. ఊరి సొత్తు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఊరికి లెక్క చెప్పాలి. ఆ 2 శాతాన్ని చట్టం ఎప్పుడు పక్కన పెట్టమందో అప్పటి నుంచి దానికి మీరు కాపలాదారులే, యజమానులు కారు.

తమ్ముడు: అక్కడే తేడా వస్తుంది. ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి కూడా మాకు వీల్లేదు. అది పన్ను కట్టాక మిగిలిన వాటాదారుల సొమ్ము. నువ్వు ప్రభుత్వ ఖజానా గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు.

అక్క: ఖజానా అనే అనుకో, ఏం జరుగుతుందో చూద్దాం. మన ఆంధ్రలోనే ఉపాధి హామీ పనులకు 2006లో సామాజిక తనిఖీ మొదలుపెట్టారు. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, కూలీల హాజరు, కూలి రాసే మస్టర్ రోల్ చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. 'నువ్వు పన్నెండు రోజులు చేశావని రాశారు, నిజమా?' అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక, అధికారుల ఎదుటే చదవడం. చదవడం రానివాళ్లు కూడా కాగితాన్ని పట్టుకుని తప్పు పట్టగలిగారు. కాగితం గుట్టలో లేనిది ఆ వేదిక మీద దొరికింది: ఎవరి పేరున లెక్క రాశారో ఆ మనిషే ఎదుట నిలబడి ఉంది. అవును, తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దిభాగమేనని నువ్వు అంటావు, నిజం. అయినా రేపు చదువుతారన్న భయంతో రాసే లెక్క వేరు. మీ విషయంలో దొంగతనం పట్టుకోవడం నా ఉద్దేశం కాదు. మీరు వేసిన కంప్యూటర్ల గది ఎందుకు ఖాళీగా ఉందో మీ అధ్యయనం చేసినవాడి కంటే ఆ వీధి ఆడవాళ్లకు ముందే తెలుసు. సాయంత్రం నాలుగింటికి తెరిచారు, ఆ వేళకు కుళాయి నీళ్లు వస్తాయి, ఆడపిల్లలు బిందెలతో వరుసలో ఉంటారు. ఎవరూ అడగలేదు. మీ అధ్యయనం ఇంగ్లీషులో మీ బోర్డుకు చేరింది, ఆ వీధికి రాలేదు. అమెరికాలో పెద్ద దాత మెకంజీ స్కాట్‌నే చూడు. తన దానాల వివరాలు సరిగా బయట పెట్టడం లేదని విమర్శలు వచ్చాయి. 2022 డిసెంబరులో మొత్తం జాబితాను అందరికీ కనిపించేలా పెట్టింది. మరుసటి ఏడు బహిరంగంగా దరఖాస్తులు పిలిస్తే 6,353 సంస్థలు వచ్చాయి, తొలి విడత పరిశీలన సాటి దరఖాస్తుదారులే చేశారు. చివరికి 361 సంస్థలకు 64 కోట్ల డాలర్లు ఇచ్చింది. తీసుకునేవాళ్లకు తీర్పు చెప్పే తెలివి ఉందని నమ్మింది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా ఇక్కడే, మద్రాసులో, 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి విరాళాల కోసం ఇంటింటికీ తిరిగింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే కుర్చీలో కూర్చుంది. అడిగినప్పుడు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండటం చిన్న విషయం కాదు. మీ కమిటీలో అలాంటివారు ఒక్కరైనా ఉన్నారా?

తమ్ముడు: చట్టం కమిటీలో డైరెక్టర్లు ఉండాలంటుంది.

అక్క: పేట మనిషిని పిలిచి సలహా అడగవద్దని అనదు.

తమ్ముడు: అనదు. కానీ స్కాట్‌కు తన డబ్బు, తన సంతకం. నాకు పైన ఏడుగురు ఉన్నారు. ఒక కేంద్రం సరిగా నడవలేదని మేమే రాస్తే మరుసటి ఏడాది నా మొత్తం బడ్జెట్ మీద ప్రశ్న వస్తుంది. దెబ్బ తినేది మిగిలిన ఇరవై సంస్థలు. నిజం చెప్పడం వల్ల పడే ఖర్చు కూడా చివరికి మీ మీదే పడుతుంది, అది మర్చిపోకు.

అక్క: మర్చిపోను. అందుకే పని సరిగా నడవలేదని నిజం చెప్పిన సంస్థకు డబ్బు ఆపబోమని మీరు ముందే మాట ఇవ్వాలి. ఆ మాట మీ నుంచి రానంతవరకు మేము మీకు అందమైన నివేదికలే పంపుతాం. ఖాళీ గదిని నిండుగా రాస్తాం. దాన్ని మీరు బోర్డుకు ఇంకొంచెం నిండుగా రాస్తారు.

తమ్ముడు: సరే, నా చేతిలో ఉన్నవి చెబుతాను. ముగింపు తేదీని ఒప్పందంతో పాటే తెలుగులో, తమిళంలో రాయించి పేటలో చదివిస్తాను. కాదన్న ప్రతి సంస్థకూ కారణం రాసి పంపుతాను, రెండు వాక్యాలైనా సరే. పేర్లతో ప్రచురించను, అది తప్పని ఇప్పటికీ అంటాను. కమిటీలోకి పేట మనిషిని పిలవడం మాత్రం బోర్డు ఒప్పుకోదు.

అక్క: అడిగావా?

తమ్ముడు: లేదు.

అక్క: అడుగు. కాదంటే కారణం రాసి ఇవ్వమను.