మా షోకేసులోని మెమెంటో గారికి

మెమెంటో గారికి, హన్మకొండ నుంచి నమస్కారాలు.

మీరు మా ఇంట్లో దిగి చాలా కాలమైంది. మీ వెనకాలే మీ అన్నదమ్ములూ ఒక్కొక్కరే వచ్చారు. షోకేసు నిండిపోయి, ఇప్పుడు ఫ్రిజ్ మీద, టీవీ వెనక, బియ్యం డబ్బా పక్కన సర్దుకుంటున్నారు. మా ఆయన ఒక పత్రికకు ఆటల వార్తలు రాస్తాడు. మీ దుమ్ము దులిపేది మాత్రం నేనే. కాబట్టి మీతో నాలుగు మాటలు అనే హక్కు నాకుంది.

ముందు మీ రూపం సంగతి. మీరు కబడ్డీ టోర్నమెంటులో ఇచ్చిన మెమెంటో. కానీ మీ నెత్తిన బంగారు రంగు మనిషి ఒకడు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. మీ పక్కాయన ఖోఖో పోటీల నుంచి వచ్చాడు, ఆయన నెత్తినా బ్యాటే. అథ్లెటిక్స్ మీట్‌లో ఇచ్చిన ఆయనకు మా పిల్లాడి దయవల్ల బ్యాటు విరిగింది. అప్పటి నుంచి కొంచెం రన్నర్‌లాగే కనిపిస్తున్నాడు.

వీపున ఫైబర్ కాకతీయ కళాతోరణం, సరే, మన ఊరి ఆనవాయితీ. కింద స్టిక్కర్ మీద మా ఆయన పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం మారి ఈయన ఎవరింట్లోనో పుట్టినవాడయ్యాడు. పోయిన వర్షాకాలం చెమ్మకు ఆ స్టిక్కర్ అంచు లేచింది. గోరుతో కాస్త లాగితే కింద ఇంకో స్టిక్కర్. దాని మీద 'తృతీయ బహుమతి – బాలికలు' అని ఉంది. మిగిలిపోయిన సరుకు మీరు! ఈ సంగతి ఈయనకు నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. 2021 సెప్టెంబరులో ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. మహిళల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 బుసాన్ ఏషియాడ్‌లో సునీతా రాణి నెలకొల్పిన 4 నిమిషాల 6.03 సెకన్ల జాతీయ రికార్డును దాటేసింది. పందొమ్మిదేళ్ల రికార్డు మన ఊళ్లో పోయింది. అలాంటి చోట విలేకరి 5.39ని 6.39 అని రాస్తే రికార్డే లేకుండా పోతుంది. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఆయన పరువూ పోతుంది. సెకనులో నూరో వంతు దగ్గర ఆయన తప్పకూడదు. ఇంటిపేరు దగ్గర మీరు తప్పొచ్చు.

మీ కుటుంబంలో పెద్దింటివాళ్లు వేరే ఉన్నారని నాకు తెలుసు. పెంబర్తి ఇత్తడి వాళ్లు, జనగామ పక్క నుంచి వస్తారు, చేతిపని, బరువు. వాళ్లు ముఖ్య అతిథి కారు డిక్కీలోకి వెళ్తారు. ముఖ్య అతిథి అంటే ఫైనల్ సగం అయ్యాక వచ్చి, ఆట ఆపించి, క్రీడాకారులతో చేతులు కలిపి, టాస్ మళ్లీ వేయించే ఆయన. తర్వాత విశిష్ట అతిథులు, గౌరవ అతిథులు, ఆత్మీయ అతిథులు. వాళ్లందరికీ శాలువాలు కప్పి, విప్పి, మడతపెట్టి, మళ్లీ కప్పి అయ్యాక, షామియానా తాళ్లు విప్పుతుండగా మైకులో వినిపిస్తుంది: "మన పాత్రికేయ మిత్రులు కూడ జర స్టేజీ మీదికి రావాలె." అప్పుడు అట్టపెట్టె అడుగు నుంచి మీరు బయటికొస్తారు.

ఆ క్షణాన ఇంకో చిక్కు. అప్పటిదాకా అందరి ఫొటోలూ తీసింది ఈయన. ఈయన స్టేజీ ఎక్కితే ఫొటో తీసేవాళ్లు ఎవరు? కెమెరా ఒక వాలంటీరు చేతిలో పెడతాడు. అందుకే ఈయన సన్మానం ఫొటోలన్నిట్లో మీరు స్పష్టంగా ఉంటారు, ఈయనకు తల ఉండదు.

ఇంటికొచ్చి, భోజనం పక్కనపెట్టి, ఆ వార్త కూడా ఈయనే పంపాలి. అతిథుల పేర్లన్నీ హోదాలతో సహా రాస్తాడు. జాగా చాలక చివర్న 'తదితరులు పాల్గొన్నారు' అని ముగిస్తాడు. ఆ తదితరుల్లో ఉన్నది ఈయనే. కల్లు, కోడికూర పందెం కట్టినా రాష్ట్రంలో ఏ ఆటల విలేకరీ తన పేరు ఆ లైను బయట రాసుకోడు. ఫోన్లు మాత్రం ఆగవు. "అన్నా, నా ఫొటో పడలే" అని ఒకాయన, "పేరు ముందు 'ప్రముఖ' పెట్టలే" అని ఇంకొకాయన. గెలిచిన జట్టు పేరు తప్పు పడిందని ఇంతవరకు ఎవరూ ఫోన్ చేయలేదు.

పత్రిక వాళ్లు కూడా ఏం తక్కువ తినలేదు. లైన్ అకౌంటు మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతుకు. ఆగస్టు 15 వస్తోందంటే యాడ్స్ టార్గెట్, ఆ టెన్షన్ ఇంట్లో అందరికీ. ఏ సంఘం పెద్దమనిషిని మైదానంలో తాగునీళ్లు ఎందుకు పెట్టలేదని అడగాలో, ఆయన దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. ఆయన నవ్వి, "యాడ్ ఎందుకన్నా, నీకు సన్మానం పెడ్తున్నం కద" అంటాడు. అలా వచ్చినవారే మీలో సగంమంది.

మైకు పట్టేవాళ్ల కథ ఇంకా ఘోరం. ఈయన దోస్తు ఒకాయన ఊరూరా కబడ్డీకి వ్యాఖ్యానం చెప్తాడు, ఇప్పుడు యూట్యూబ్ లైవ్‌లకు కూడా. కబడ్డీలో రైడ్ అంటే 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో రైడర్ అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దాటాడా, కోర్టులో ముగ్గురే మిగిలినప్పుడు పట్టుకుంటే అదనపు పాయింటు వచ్చే సూపర్ ట్యాకిలా, పాయింటు తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై రైడా, అన్నీ చూసి చెప్పాలి. సరిగ్గా అప్పుడే చీటీ వస్తుంది. 'ద్వితీయ బహుమతి దాత గారు విచ్చేసినారు.' దాని వెనకే ఇంకో చీటీ, తెల్ల కారు దారికి అడ్డంగా ఉంది తీయగలరు. దాత గారికి స్వాగతం చెప్పి, కారు తీయించి తలెత్తేసరికి రైడర్ అవుటయ్యాడో, ముగ్గురిని పట్టుకొచ్చాడో ఆయనకూ తెలియదు, లైవ్‌లో వినేవాళ్లకూ తెలియదు. దుబాయిలో ఉన్న మా ఊరి పిల్లలు ఆ లైవే చూస్తారు పాపం. సాయంత్రానికి ఆయన గొంతు పోతుంది. గొంతు పోయిన మనిషికి మిమ్మల్ని చేతిలో పెట్టి, "రెండు మాటలు మాట్లాడుండ్రి" అంటారు.

దేశంలో వ్యాఖ్యాతలకు గౌరవమే లేదని నేననడం లేదు. 1975 హాకీ ప్రపంచకప్ ఫైనల్‌ను రేడియోలో వినిపించిన జస్‌దేవ్ సింగ్‌కు 2008లో పద్మభూషణ్ ఇచ్చారు. కానీ పర్వతగిరి మండలంలో మైకు పట్టినాయనకు దారి ఖర్చులైనా రావాలి కదా.

జూలై 2న ప్రపంచ క్రీడా పాత్రికేయుల దినోత్సవం అని ఒకసారి సభ పెట్టారు. అంతర్జాతీయ క్రీడా పాత్రికేయుల సంఘం 1924లో అదే రోజున పారిస్‌లో పుట్టిందని, సరిగ్గా నూరేళ్లకు అదే పారిస్‌లో మన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారాలింపిక్స్ 400 మీటర్ల కాంస్యం తెచ్చిందని ఒక పెద్దాయన గంభీరంగా సెలవిచ్చాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ చీటీ రాసిచ్చింది మా ఆయనే.

దీప్తి పతకం తెచ్చాక కల్లెడకు కెమెరాలు బారులు తీరాయి, తీరాలి కూడా. కానీ పేరు తెలియని పిల్లలు పరుగెత్తే జిల్లా మీట్లలో, ఎండలో నిలబడి 'ప్రథమ, ద్వితీయ, తృతీయ' అని ఊరి పేరుతో సహా రాసుకునేది ఇలాంటి తదితరులే. మా ఇంట్లో ఆ కటింగులకు ఒక ట్రంకుపెట్టె ఉంది. బాల్ బ్యాడ్మింటన్‌లో తొలి అర్జున అవార్డు అందుకున్న పిచ్చయ్య గారు 2021 డిసెంబరులో వరంగల్‌లోనే కన్నుమూస్తే, ఆ రాత్రి ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. అర్జున 1970లోనే కదా, పాత ఫొటో ఉందా, ఎవరితో ఆడేవారు? ఈయన పెట్టె తెరిచి కూర్చుని తెల్లారేదాకా అందరికీ చెప్పాడు. మీ గురించి ఇంతవరకు ఎవరూ ఫోన్ చేసి అడగలేదండీ, ఏమనుకోకండి.

మీ మీద నాకు పగ లేదు. మీరు రావడం మానేసి, మీకయ్యే డబ్బుతో ఇంకేదైనా పంపించమంటున్నాను. గ్రౌండు పక్కన నీడలో ఒక టేబుల్, ఫోన్ ఛార్జింగుకు ఒక ప్లగ్ పాయింటు, ఆట అయిన పావుగంటలో స్కోరు షీటు కాపీ. మైకు దగ్గర మరో మనిషి, చీటీలు చదవడానికి. మైకాయనకు వేడినీళ్లు.

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి సన్మానం ఉందని నిన్ననే ఫోన్ వచ్చింది. "వదినా, అన్నకు ఈసారి పెద్ద సైజుది చేయిస్తున్నం, పేరు కరెక్టుగ పంపుండ్రి" అన్నాడు అవతలి అబ్బాయి. ఇంటిపేరు విడివిడి అక్షరాలతో వాట్సాప్ చేశాను. ప్లగ్ పాయింటు సంగతి కూడా అడిగాను. "చూస్తం వదినా" అన్నాడు. ముఖ్య అతిథి ఎవరో ఇంకా ఖరారు కాలేదట. తేలగానే ఆ వార్త ముందు రాయమని ఈయనకు చెప్పమన్నాడు.

ఇట్లు,
ఓ తదితరుడి ఇల్లాలు