రెండు బడులు కలిపితే ఎవరికీ నష్టం లేదా?

ఈ మధ్య ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రాసిందెవరో తెలీదు, పంపేవాళ్లు మాత్రం మన చుట్టాలూ స్నేహితులే. దాని సారాంశం ఇది: ఒకే పంచాయతీలో రెండు ప్రాథమిక బడులుండి, ఒకదాంట్లో పిల్లలు తక్కువైతే పక్క బడిలో కలిపేయడమే మేలు. టీచర్లు పెరుగుతారు. దూరం కిలోమీటరు లోపే. రూలు అందరికీ ఒకటే కాబట్టి వివక్ష అనే మాటే లేదు. తెలుగు పిల్లలు ఒడియాలో చదివితే రేపు ఉద్యోగాలొస్తాయి. కొత్త విద్యావిధానం చెప్పిందీ ఇదే, తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు, ఇంక గొడవ దేనికి?

విలీనం అనగానే కస్సుమనే మనిషిని కాను. పదిమంది పిల్లలు, ఒక్క మాస్టారు, ఆయన బ్లాకు ఆఫీసులో మీటింగుకెళ్తే ఆ పూట బడికి తాళం. అలాంటి బడిని అలాగే ఉంచమని ఎవరూ అడగరు. కానీ ఈ మెసేజ్‌లోని ఒక్కో వాదనా పట్టుకుని చూస్తే అందులో ఉన్నవి సగం సగం నిజాలే.

టీచర్లు పెరుగుతారన్న మాటను ముందు అంకెల్లో పెట్టి చూద్దాం. ఒక తెలుగు మీడియం బడిలో 18 మంది, దగ్గర్లోని ఒడియా మీడియం బడిలో 45 మంది ఉన్నారనుకోండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి, 61 నుంచి 90 వరకు ముగ్గురు. విడివిడిగా ఉంటే రెండు బడులకూ కలిపి నలుగురు. కలిపేస్తే పిల్లలు 63 మంది, టీచర్లు ముగ్గురు. పెరిగిందెక్కడ? ఒక పోస్టు పోయింది. ఐదు తరగతుల్ని ఇద్దరు లాక్కొచ్చే చోట ముగ్గురు చూస్తారు కదా అంటే, నిజమే, అది మేలే. అయితే మిగులు అని పంపేసే ఆ ఒక్కరూ ఎవరు? ఒడియా మీడియం బడిలో కలిశాక తెలుగు మాస్టారే మిగులు అవుతారని చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. ఇక, ‘చట్టం చెప్పిన ఇద్దరెక్కడున్నారు, ఉన్నది ఒక్కరే’ అనేవాళ్లూ ఉన్నారు. పోస్టు నింపనిదీ ప్రభుత్వమే, ఆ ఖాళీని చూపించి బడి ఎత్తేసేదీ ప్రభుత్వమేనా?

మెసేజ్‌లో ఎక్కడా కనిపించని మనిషి ఇంకొకరున్నారు: వంట చేసే ఆవిడ. మధ్యాహ్న భోజనానికి 25 మంది పిల్లల వరకు ఒకరు, 26 నుంచి 100 వరకు ఇద్దరు వంటవాళ్లు అన్నది లెక్క. మన ఉదాహరణలో విడిగా ముగ్గురు, కలిపాక ఇద్దరు. ఊళ్లో ఆ పని చేసేది సాధారణంగా ఎలాంటి ఇంటి ఆడమనిషో మనకు తెలుసు.

అసలు విషయం భాష. ఇంట్లో ‘అమ్మా, ఒంటికెళ్లొస్తా’ అనే ఆరేళ్ల పిల్ల కొత్త బడిలో ఆ మాట ఎలా అడగాలో తెలీక బిగబట్టుకుని కూర్చుంటుంది. ఒకరోజు గౌను తడుస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారు. మర్నాడు కడుపునొప్పి అంటుంది, ఆ మర్నాడూ అంటుంది. హాజరు పట్టీలో అది గైర్హాజరే. లెక్కల పీరియడ్‌లో టీచరు ‘ఎగార’ రాయమంటారు. ఆ పిల్లకు పదకొండు వచ్చు, ఎగార రాదు. పుస్తకంలో అంకెల రూపం కూడా వేరే. పలక ఖాళీగా ఉంటే లెక్కల్లో మొద్దు అని పేరు పడుతుంది. ఒకటో తరగతిలో పడ్డ ఆ పేరు ఐదో తరగతి దాకా వెంటే వస్తుంది.

దీనికి రాజ్యాంగంలో ఒక అడ్డుకట్ట ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు కోసం ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా కృషి చేయాలంటుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు బోధన మాతృభాషలోనే సాగాలంటుంది. ఎంతమంది పిల్లలుంటే మాతృభాష టీచర్ని ఇవ్వాలన్నదానికి 1949 నాటి రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: బడి మొత్తమ్మీద 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది.

ఇప్పుడు మన లెక్కకు రండి. ఆ 18 మంది తెలుగు పిల్లలు 45 మంది ఉన్న ఒడియా బడిలో కలిశారు, మొత్తం 63. బడిలో తెలుగు పిల్లలు 40 మంది లేరు. ఐదు తరగతుల్లో సర్దితే తరగతికి ముగ్గురో నలుగురో, పది కాదు. నిన్నటిదాకా బడి మొత్తం తెలుగే కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు. ఇవాళ కలిపేసరికి, తెలుగు టీచర్ని అడిగితే ‘మీ సంఖ్య చాలదు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఏ కాగితం మీదా తెలుగు మీడియం రద్దు అని రాయక్కర్లేదు. దానంతట అదే ఆరిపోతుంది.

అదే, 22 మంది ఉన్న తెలుగు బడినీ 24 మంది ఉన్న ఇంకో తెలుగు బడినీ కలిపారనుకోండి. 46 మంది అవుతారు, 40 దాటుతారు, మాతృభాష టీచర్ని గట్టిగా అడిగే హక్కు బలపడుతుంది. అప్పుడు నేనే ముందు నిలబడి కలపమంటాను, దారి బాగుంటే. విలీనం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ బడిని ఎందులో కలుపుతున్నారు, ఏ పిల్లకు ఏం పోతోంది అన్నదే ప్రశ్న. మెసేజ్ రాసినాయన దాన్ని తెలివిగా దాటేశారు.

ఉద్యోగాల మాట కొట్టిపారేయలేం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి, ఆ విషయంలో మన పిల్లలు వెనకబడితే నష్టం మనకే. కానీ ఒడియాను ఒక సబ్జెక్టుగా బాగా నేర్చుకోవడం వేరు, ఆరేళ్లకే లెక్కలూ పరిసరాలూ అన్నీ తెలియని భాషలో మింగడం వేరు. తెలుగు బడికి ఒక మంచి ఒడియా టీచర్ని ఇస్తే మొదటిది జరుగుతుంది. దానికి బడి మూసేయక్కర్లేదు. ఒడిశా మెట్రిక్ బోర్డులో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలు కూడా ఇప్పటికీ ఉంది. కింద బడులు పోతే పైన ఆ వీలు ఎవరికోసం?

ఇక్కడ మన తెలుగువాళ్లకూ ఒక మాట. ఈ బాధ మనకు కొత్త కావచ్చు, సవర గిరిజనుల పిల్లలకు కాదు. మన తెలుగు బడిలో, ఆ తర్వాత ఒడియా బడిలో వాళ్లు ఇలాగే బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, వాళ్ల కోసం వాచకాలు రాసి బడులు పెట్టించింది ఇందుకే. ఒడిశా ప్రభుత్వం కూడా ఆలస్యంగానైనా సవర, కువి, కోయ లాంటి భాషల్లో చదువు మొదలుపెట్టే కార్యక్రమం తెచ్చింది. కాబట్టి విలీనం లెక్క వేసేటప్పుడు తెలుగు పిల్లల్ని మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటే మనమూ అదే తప్పు చేసినట్టు.

‘రూలు అందరికీ ఒకటే’ అన్నది వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. 20 మంది లోపు పిల్లలున్న బడిని కలపాలి అన్న రూలులో కులం పేరు లేదు, భాష పేరు లేదు. కానీ 20కి లోపు పడేవి ఎక్కడి బడులు? కొండమీది గూడెం బడి, ఊరవతల దళితవాడ బడి, చుట్టూ ఒడియా ఊళ్ల మధ్య మిగిలిన తెలుగు బడి. రూలు ఒకటే, దెబ్బ మాత్రం ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. మహిళా సైనికాధికారుల పర్మనెంట్ కమిషన్ కేసులో 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇదే: పైకి అందరికీ ఒకేలా కనిపించే కొలత కూడా ఒక వర్గాన్ని ఎక్కువగా దెబ్బతీస్తే అది పరోక్ష వివక్షే. ఇందులో రెండో వైపూ ఉంది, ఒప్పుకోవాలి. దళితవాడ పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే గదిలో, ఒకే బంతిలో కూర్చుంటే అది విలీనం వల్ల వచ్చే అసలైన లాభం. వస్తుందా, లేక పళ్లాలు వేరు, వరుస వేరు అవుతుందా అన్నది ముందే చూసుకోవాలి. ఆ తర్వాత ‘మాకు తెలీదు’ అంటే కుదరదు.

బ్రిటన్‌లో ఇలాంటి నిర్ణయానికి ముందు ఈ లెక్క తప్పకుండా చూస్తారు. అక్కడి 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఏ నిర్ణయం తీసుకున్నా అది వయసు, వైకల్యం, జాతి, మతం, లింగం వగైరా కారణాలతో ఎవరిపై ఎలా పడుతుందో ముందే ఆలోచించాలి. అందుకే రెండు ప్రాథమిక బడుల్ని కలిపేటప్పుడు కౌన్సిళ్లు సమానతపై ప్రభావాన్ని అంచనా వేసి కాగితం మీద పెడతాయి. అక్కడ తరచుగా కలిపేది పక్కపక్కనే ఉన్న చిన్న తరగతుల బడినీ పెద్ద తరగతుల బడినీ. దారి మారదు, భాష మారదు, కాబట్టి ‘పెద్ద ప్రభావం లేదు’ అని రాసేస్తారు, చాలాసార్లు అది నిజమే. ఇక్కడ దారీ మారుతుంది, భాషా మారుతుంది. లెక్కే వేయకుండా ‘ప్రభావం లేదు’ అని ఎలా చెబుతున్నారు?

దారి సంగతికొస్తే, ఒకటి నుంచి ఐదు తరగతులకు బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలని విద్యాహక్కు నమూనా నిబంధనలు చెబుతాయి. నడక దూరం అన్నారు, మ్యాప్ మీద గీత అనలేదు. మధ్యలో గెడ్డ ఉంటే? వానాకాలంలో వంశధారలోకో మహేంద్రతనయలోకో పరుగెత్తే ఆ గెడ్డలు మోకాలి లోతు నుంచి నడుము లోతుకు రావడానికి ఒక్క వాన చాలు. నౌపడ–గుణుపురం రైలు పట్టాలు దాటాల్సి వస్తే? పెద్దవాడికి కిలోమీటరంటే పది పదిహేను నిమిషాలు, ఆరేళ్ల పిల్లకు పుస్తకాల సంచితో అది వేరే ప్రయాణం. తీసుకెళ్లేది ఎవరు? గంజాం నుంచి సూరత్‌కు వలస పోయిన కుటుంబాల్లో ఇంట ఉండేది అమ్మమ్మో నాయనమ్మో. వాళ్లు నడవలేరు. అప్పుడు తమ్ముణ్ని తీసుకెళ్లే పని పదేళ్ల అక్క మీద పడుతుంది, తమ్ముడికి జ్వరమొస్తే అక్క బడీ ఎగిరిపోతుంది. వైకల్యం ఉన్న పిల్లలకైతే ఇది కిలోమీటరు గొడవే కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ వాళ్లకు ఇరుగుపొరుగు బడిలో ఉచితంగా చదివే హక్కునిచ్చింది. పెద్ద బడిలో ర్యాంపు ఉందన్నారు, ఉంటుంది. ర్యాంపు దాకా చక్రాల కుర్చీ ఏ దారిన వస్తుంది?

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలో రవాణాకో, తోడు మనిషికో పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. ఇస్తామన్న మాట విలీనం ఉత్తర్వులోనే రాయించుకోవాలి. తర్వాత చూద్దాం అంటే అంతే సంగతులు.

కొత్త విద్యావిధానం కలపమందన్న మాట తప్పు. 2020 విధానం చిన్న బడుల సమస్యను ఒప్పుకుంటుంది, 2016–17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ బడులున్నాయని లెక్క కూడా ఇస్తుంది. అయితే విలీనాన్ని ఎంతో ఆచితూచి, పిల్లలకు బడి అందుబాటు తగ్గదని తేల్చుకున్నాకే చేయాలంటుంది. అది ముందుకు తెచ్చింది బడుల సముదాయాన్ని. అంటే బడులు ఎక్కడివక్కడే ఉంటాయి, టీచర్లనూ వనరులనూ పంచుకుంటాయి. ఐదో తరగతి దాకా వీలైనచోట మాతృభాషలో బోధన అన్నదీ అదే విధానం. మెసేజ్ రాసినాయనకు ఆ పేజీ దొరకలేదు కాబోలు.

ఇక కోర్టులు. 20 మంది లోపు పిల్లలున్న బడుల విలీనంపై ఒడిశా ప్రభుత్వం 2020 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వును ఒరిస్సా హైకోర్టు 2021 మేలో కొట్టేసింది. ఉత్తరప్రదేశ్ విలీనాలపై వేసిన పిటిషన్లను 2025 జులైలో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. కాబట్టి కోర్టు ఉందిలే అని నిబ్బరంగా కూర్చోవడానికీ లేదు, కోర్టులో ఏమీ కాదని చేతులెత్తేయడానికీ లేదు.

తల్లిదండ్రులు ఒప్పుకున్నారన్నదే మెసేజ్‌లో చివరి పోటు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు, బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల దామాషాలో చోటు. ఆ కమిటీని కూర్చోబెట్టి, ఆ కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించి తీసుకున్న సంతకం సంతకమే. మినిట్స్ పుస్తకంలో కింద ముందు సంతకాలు చేయించి, పైన తర్వాత ఒడియాలో రాసుకున్నది కాదు.

సంతకం అడగడానికి వచ్చినప్పుడు పెట్టాల్సిన ప్రశ్నలు పెద్దవేం కావు. పిల్లల జాబితాలో ఇంటి భాష, వైకల్యం, వాడ రాశారా? దారిని వానాకాలంలో ఎవరైనా నడిచి చూశారా? తెలుగు మాస్టారు ఉంటారా, ఎన్నేళ్లు? ఏడాది తర్వాత ఎంతమంది మానేశారో ఎవరు లెక్క చెబుతారు? జవాబులు తీర్మానంలోకి ఎక్కాకే సంతకం. ఈలోగా బడి మూసేస్తే అదే చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. మాతృభాష సంగతి విడిగా, 350బి అధికరణం కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు రాయాలి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.