దించడం వచ్చాకే కాల్చడం

మా మేనకోడలికి పదకొండేళ్లు. నిరుడు వేసవి సెలవుల్లో పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబడితే హైదరాబాద్‌లో ఒక అకాడమీకి తీసుకెళ్లాను. మొదటిరోజు గంటసేపు దాని చేత ఒక్క పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న గుండు) కూడా కాల్పించలేదు. ఖాళీ పిస్టల్ ఎత్తడం, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడటం, దించి బల్ల మీద పెట్టడం. అంతే. "మామయ్యా, అసలు కాల్చనిస్తారా లేదా?" అని నా చెవిలో గొణిగింది. కోచ్‌కి వినపడనే వినపడింది. "చెయ్యి వణికితే దించెయ్. దించడం వచ్చాక కాల్చడం ఎంతసేపమ్మా!" అన్నారు.

ఈ ఆట పిల్లలకు నేర్పేదంతా ఆ దించడంలోనే ఉందని నా అభిప్రాయం. పది మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. రైఫిల్‌లో అయితే అర మిల్లీమీటరే, వాక్యం చివర పెట్టే చుక్క లాంటిది. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. గురి కుదరలేదనిపిస్తే దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తొచ్చు. అందుకు ఎవరూ మార్కులు కొయ్యరు. క్లాసులో ముందు చెయ్యెత్తినవాడే తెలివైనవాడు, ఫోన్ గేములో ముందు నొక్కినవాడే మొనగాడు అనే లోకంలో పెరుగుతున్న పిల్లలకు ఇది కొత్త సంగతి.

తుపాకీ అనగానే జంకే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కాకపోతే మన భయం కొంచెం తిక్క భయం. దీపావళికి పిల్లాడికి రీల్ తుపాకీ కొనిచ్చి, వాడు మన నుదుటికే గురిపెట్టి టప్‌మనిపిస్తే నవ్వుతాం. కోతులను బెదిరించడానికని కొన్న ఎయిర్‌గన్‌ను బీరువా పక్కన ఆనించి మర్చిపోతాం. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అది బొమ్మే అనుకుంటాం. దాని పెల్లెట్ కన్ను తీసేయగలదు. ఇంట్లో ఎయిర్‌గన్ పేలి చిన్నపిల్లలు చనిపోయిన వార్తలు మనం చదివినవే. షూటింగ్ నేర్పే రేంజ్‌లో అలా కుదరదు. కాల్చనప్పుడు గన్ లోడ్ అయి లేదని దూరం నుంచే తెలిసేలా బ్యారెల్‌లో రంగు తీగ దూర్చి ఉంచాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. 'స్టాప్' అంటే ఎంత మంచి గురిలో ఉన్నా వేలు తీసేయాల్సిందే. అందుకే అంటున్నా, తుపాకీ మీద కుతూహలం ఉన్న పిల్లను ఇంట్లోని ఎయిర్‌గన్‌కు దూరంగా, రేంజ్‌కు దగ్గరగా ఉంచడం మేలు. అన్నట్టు పెల్లెట్ సీసంతో చేసింది. అది పట్టుకున్న చేత్తోనే చిప్స్ ప్యాకెట్ చింపే పిల్లలను అక్కడ చాలామందిని చూశాను. చేతులు కడుక్కోమని చెప్పినవాళ్లు తక్కువ.

నా పేచీ ఆటతో కాదు, దాని చుట్టూ అల్లుకుంటున్న తొందరతో. రెండోవారమే ఆ అకాడమీ ఆఫీసులో కూర్చోబెట్టి, సొంత పిస్టల్ కొంటే తప్ప స్టేట్ సెలక్షన్స్ దాకా వెళ్లడం కుదరదని చెప్పారు. విదేశీ మ్యాచ్ పిస్టల్ అంటే లక్ష దాటుతుంది. పిల్ల అప్పటికి నిండా వంద షాట్లు కాల్చలేదు! ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పెట్టే ఊళ్లో ఇంకెలా ఉంటుంది? పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక బయట బెంచీ మీద తల్లిదండ్రులందరి నోటా ఆమె పేరే. అంతకుముందు టోక్యోలో, 19 ఏళ్ల వయసులో పోటీ మధ్యలో పిస్టల్ మొరాయించి ఉత్త చేతులతో వచ్చిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

చిన్నప్పుడే మొదలుపెడితే మంచిదేగా అంటారు. నిజమే, మన హైదరాబాద్ ఇషా సింగ్ తొమ్మిదేళ్లకు మొదలుపెట్టి 13 ఏళ్లకే, 2018లో, జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. కానీ పారిస్‌లో పది మీటర్ల పోటీల్లోనే 16 ఏళ్ల కొరియా అమ్మాయి బాన్ హ్యోజిన్ రైఫిల్ స్వర్ణం గెలిస్తే, 51 ఏళ్ల టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో రజతం పట్టుకెళ్లాడు. ఆ కొరియా అమ్మాయి తుపాకీ పట్టింది కూడా 2021లోనే. ఇంత వెసులుబాటున్న ఆటలో పదకొండేళ్ల పిల్లకు ఆలస్యమైపోతోందని టెన్షన్ దేనికి?

మా కాలనీలో షటిల్ కోర్టు గంటకు ఇంత అని అద్దెకిస్తారు. ఆడేవాళ్లెవరూ సింధులు కావాలని రారు, చెమట పట్టించుకుని ఇంటికెళ్తారు. అకాడమీ పిస్టల్, ఒక లేన్, పక్కన కోచ్, ఆదివారం గంటసేపు, ఇలా షూటింగ్ ఎక్కడ దొరుకుతుందా అని వాకబు చేశాను. అందరూ ఆర్నెల్ల ప్యాకేజీయే చెప్పారు. ఊరికే సరదాకి నేర్చుకుంటుందంటే వింతగా చూశారు.

సెలవులయ్యాక అది మానేసింది. స్కూలు, ట్యూషన్, దూరం. మొన్న దీపావళికి దాని తమ్ముడు రీల్ తుపాకీ అమ్మమ్మ వైపు తిప్పాడు. ఇది అరవలేదు, లాక్కోలేదు. కోచ్ గొంతుతో 'స్టాప్' అంది. వాడు బిత్తరపోయి తుపాకీ అరుగు మీద పెట్టేశాడు. మా అమ్మకు ఏం జరిగిందో ఇప్పటికీ తెలీదు.