మనస్సాక్షికి ఏళ్లు, పాస్‌పోర్టుకి మూడు రోజులు

మొన్నొక గ్రూపులో ఒకాయన రాశాడు: 1960ల్లో ఉరిశిక్ష తీసేసి, స్వలింగ సంబంధాల, గర్భస్రావం చట్టాలు సడలించి బ్రిటన్‌ని మార్చింది ప్రధాని హెరాల్డ్ విల్సన్ లేబర్ ప్రభుత్వమట, నాయకులంటే అలా ఉండాలట. కింద చప్పట్లే చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఆ చట్టాల మీద కాదు నా కోపం, ఆ పేరు ఎవరి ఖాతాలో రాస్తున్నాం అన్నదాని మీద.

హత్యకు ఉరిశిక్ష తీసేసింది 1965లో. బిల్లు పెట్టింది మంత్రి కాదు, వెనక బెంచీల్లో కూర్చునే సిడ్నీ సిల్వర్‌మన్. దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడినవాడు. అంతకు ముందు ఏడాది ఆగస్టు 13న లివర్‌పూల్‌లో ఒకణ్ణి, మాంచెస్టర్‌లో ఇంకొకణ్ణి ఒకే వేళకి ఉరితీశారు. చివరి ఉరులు అవే. రద్దు కూడా ముందు ఐదేళ్ల ప్రయోగమే, 1969 డిసెంబరులో గానీ ఖాయం కాలేదు.

స్వలింగ సంబంధాలని నేరంగా చూడొద్దని ప్రభుత్వమే వేసిన వుల్ఫెండెన్ కమిటీ చెప్పింది 1957లో. పదేళ్లు అటక మీదే. 1967లో లియో ఆబ్సీ అనే సభ్యుడి బిల్లు రాత్రంతా సభ నడిచి, తెల్లారుజామున గట్టెక్కింది. అదీ సవాలక్ష షరతులతో: ఇద్దరికీ 21 నిండాలి, నాలుగ్గోడల మధ్యే ఉండాలి, ఇంగ్లండ్, వేల్స్ వరకే. స్కాట్లాండ్ 1980 దాకా ఆగింది. (మనకి 1860లో అంటగట్టిపోయిన ఇలాంటి చట్టమే, సెక్షన్ 377 సంగతి 2018 దాకా తేలలేదు, అది వేరే ఏడుపు.) గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే బిల్లు పెట్టిన డేవిడ్ స్టీల్ అయితే అసలు లేబర్ మనిషే కాదు. సభలో 12 మంది ఉన్న లిబరల్ పార్టీ కుర్రాడు, ముప్పై కూడా నిండనివాడు.

మరి ప్రభుత్వం ఏమంది? "ఇది పార్టీ విషయం కాదు, ఎవరి మనస్సాక్షి వాళ్లది" అంది. ఎంత హాయైన మాట! నెగ్గితే మా హయాం, వీగితే వాడి ఖర్మ.

హోంమంత్రి రాయ్ జెంకిన్స్‌కి దక్కాల్సింది దక్కాలి, కాదనను. మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టిన బిల్లంటే, గిట్టనివాళ్లు సాగదీసి సాగదీసి మాట్లాడి గడియారం దాటించేస్తే చచ్చినట్టే. వాటికి ప్రభుత్వ సమయం ఇప్పించింది ఆయనే. అది లేకపోతే స్టీల్, ఆబ్సీ ఇద్దరూ మునిగేవాళ్లే. కానీ తలుపు తీసిపట్టుకోవడం వేరు, ఇల్లు కట్టడం వేరు.

ప్రభుత్వం తలుచుకుంటే కట్టగలదు కూడా. ఓపెన్ యూనివర్సిటీ సంగతే చూడండి. స్కాట్లాండ్ బొగ్గుగని కార్మికుడి కూతురు జెన్నీ లీ మంత్రిగా ఉండి, వెటకారాలన్నీ భరించి, పట్టుబట్టి సాధించింది. 1969లో చార్టర్, 1971లో పాఠాలు మొదలు. ఆ దారిలోనే 1982లో హైదరాబాదులో మన ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది, దేశంలో మొదటిది. పెళ్లయ్యాక అందులో డిగ్రీ పూర్తిచేసిన అక్కలు, పిన్నులు లేని ఇల్లు తక్కువ.

అదే ప్రభుత్వం 1968 ఫిబ్రవరిలో ఏం చేసిందో ఆ గ్రూపులో ఒక్కరూ ఎత్తలేదు. కెన్యాలో పని పర్మిట్ల ఇబ్బందులు మొదలై, అక్కడి గుజరాతీలు, పంజాబీలు బ్రిటన్‌కి బయల్దేరారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి అసలైన బ్రిటిష్ పాస్‌పోర్టులు, కెన్యా స్వాతంత్ర్యం వేళ ఇచ్చిన మాట. దానికి అడ్డంగా కొత్త చట్టం: ఆ పాస్‌పోర్టుతో స్వేచ్ఛగా రావాలంటే అమ్మో నాన్నో తాతో అమ్మమ్మో బ్రిటన్‌లో పుట్టి ఉండాలి, లేదా అక్కడే పౌరసత్వం పొంది ఉండాలి. చర్మం రంగు అన్న మాట ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరమేముంది?

ఆ బిల్లుకి ఎంతకాలం పట్టిందో తెలుసా? మూడు రోజులు. మార్చి 1కి చట్టం అయిపోయింది. ఇక్కడ మనస్సాక్షి ఓటు లేదు, విప్పులున్నారు. లొంగితే జనం చల్లబడతారనుకున్నారు కాబోలు, ఏడు వారాలకే కన్సర్వేటివ్ సభ్యుడు ఈనక్ పవెల్ బర్మింగ్‌హామ్‌లో వలస వచ్చినవాళ్ల మీద ఆ విషపు ప్రసంగం చేశాడు. ఆ ఏడాదే ఇళ్లలో, ఉద్యోగాల్లో వర్ణవివక్ష కూడదని ఇంకో చట్టం తెచ్చారు, నిజమే. ఆ రక్షణ లోపలికి వచ్చినవాళ్లకి. గుమ్మం బయట నిలబెట్టినవాళ్లకి కాదు.

ఆ ఓటింగులో ఎదురు నిలిచినవాళ్లలో ఇయాన్ మెక్లౌడ్ ఉన్నాడు. ప్రతిపక్ష కన్సర్వేటివ్, ఒకప్పటి వలసరాజ్యాల మంత్రి, మాట ఇచ్చాం కదా అన్నవాడు. బిల్లు నడిపించిన హోంమంత్రి జేమ్స్ కాలహన్. జెంకిన్స్ అప్పటికి ఆర్థికమంత్రి. అదే కేబినెట్‌లో ఉన్నాడు, రాజీనామా చేయలేదు.