రక్తం ఆగిందని గేటు తీయకండి

"ఆడకుక్క ఎదకు వస్తే రక్తం కనబడినన్ని రోజులు జాగ్రత్తగా ఉంటే చాలు" అని నాకు చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు. నేనూ నమ్మాను. మా కుక్క మల్లి మొదటిసారి ఎదకు వచ్చినప్పుడు పది రోజులు కంటికి రెప్పలా కాచుకున్నాను. పదకొండో రోజుకి మరకలు పలచబడ్డాయి. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. ఆ సాయంత్రమే గేటు ఓరగా ఉండిపోయింది.

అసలు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఎద రెండు మూడు వారాలు సాగుతుంది. ఎర్రగా పడే మొదటి రోజుల్లో మగకుక్కలు వెంటపడినా ఆడకుక్క సాధారణంగా దగ్గరికి రానివ్వదు, మూతి విరుచుకుని తరిమేస్తుంది. రంగు తగ్గి ఎండుగడ్డి రంగులోకి మారే రోజుల్లోనే ఒప్పుకుంటుంది. అప్పుడు తోక మొదట్లో వేళ్ళతో రాస్తే తోకను పక్కకు తిప్పి కదలకుండా నిలబడిపోతుంది. మల్లి రెండు రోజులుగా అలాగే చేస్తోంది. నిమరడం నచ్చిందేమో అనుకున్నాను. ఈ ఒక్క గుర్తు ఎవరైనా ముందే చెప్పి ఉంటే!

నేను చూసేసరికి మల్లీ, ఒక మగకుక్కా అతుక్కుని ఉన్నాయి. పక్కింటి పిన్ని బకెట్ నీళ్ళు తెచ్చారు, ఇంకొకాయన కర్ర తెచ్చారు. "వద్దు పిన్నీ, లాగితే రెండిటికీ దెబ్బ తగులుతుంది" అని బతిమాలుకుని మల్లి మెడ పట్టుకుని నేల మీద కూర్చున్నాను. అవి వాటంతటవే విడిపోవడానికి అరగంట దాకా కూడా పట్టొచ్చు. మల్లి వణుకుతూనే ఉంది. చుట్టూ నవ్వులు. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ మంటగానే ఉన్నాయి.

తర్వాత సలహాలు. కడిగేయమన్నారు, ఎవరినీ అడగకుండా ఏదో ఇంజెక్షన్ వేయించేయమన్నారు. కడిగితే లాభం లేదు, మగకుక్క వీర్యకణాలు లోపల వారం దాకా బతికే ఉంటాయి. పాతకాలపు ఈస్ట్రోజన్ హార్మోన్ ఇంజెక్షన్ గర్భసంచిలో చీము పట్టించగలదు, ఎముక మజ్జను దెబ్బతీయగలదు. సురక్షితంగా గర్భం ఆపే మందులు వేరే ఉన్నాయి, కానీ అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. మనుషులకు వాడే ప్రెగ్నెన్సీ కిట్ కుక్కకు పనిచేయదు. నాలుగు వారాలు ఆగి స్కాన్ చేయించాను. తెర మీద నల్లటి చిన్న గుండ్రాలు, నాలుగు.

మల్లికి అప్పటికి ఎనిమిది నెలలు. తనే ఇంకా పిల్ల. వచ్చిన మగకుక్క దానికి రెండింతలుంది, పిల్లలు పెద్దవైతే కాన్పు కష్టమవుతుందన్నారు డాక్టరు గారు. ఆపరేషన్ చేయించి గర్భాన్ని గర్భసంచితో పాటు తీసేయించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మల్లి లేచి నీళ్ళు తాగేదాకా పక్కనే కూర్చున్నాను.

"ఒక్కసారైనా తల్లిని కానివ్వాల్సింది, ఆరోగ్యానికి మంచిది" అని ఇంకా అంటున్నారు. ఒక కాన్పు వల్ల ఆడకుక్కకు ఏ ఆరోగ్యమూ రాదు. ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే మాత్రం ఎద అయిన కొన్ని వారాలకు గర్భసంచి చీముతో నిండి ప్రాణం మీదికి రావచ్చు. ఒకే ఇంట్లో పెరిగే అన్నాచెల్లెళ్ళయినా జతకడతాయి, కుక్కలకు ఆ వరసలు తెలియవు.

ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో జాతిని బట్టి, ఒంటి తీరును బట్టి డాక్టరు చెబుతారు. ఆ ప్రశ్న మొదటి ఎద రాకముందే అడగండి. నేను అడగలేదు.