మత్తుమందు వద్దు, బోను అలవాటు చేయండి

ప్రయాణానికి ముందు పెంపుడు జంతువుకు మత్తుమందు ఇస్తే హాయిగా నిద్రపోతుందని పెంపుడు జంతువులతో ప్రయాణం గురించిన మీ వ్యాసంలో రాశారు, దయచేసి ఆ ఒక్క మాట మార్చండి. విమానంలో ఆ మందు వల్ల బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఇబ్బంది కావచ్చు, బోను కుదుపులకు తట్టుకుని జంతువులు నిలబడలేవు కూడా. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే మరీ ప్రమాదం. మా పిల్లి కోసం నెల ముందే బోను తలుపు తీసి హాల్లో పెట్టి, లోపల నేను రోజూ కప్పుకునే పాత దుప్పటి ముక్క వేశాను, మొదటి వారం వాసన చూసి వెనక్కి వచ్చేసేది, తర్వాత తనే వెళ్లి ముడుచుకుని పడుకునేది. రైల్లో రాత్రంతా ఆ గుడ్డలోనే ముక్కు దూర్చుకుని ఉంది. అన్నట్టు, నీళ్ల గిన్నెను ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి, బోను ఎక్కించేటప్పుడు ఒలకవు, దారిలో మెల్లగా కరుగుతాయి.